ఫ్రమ్ మీ టాల్

“ప్రత్యూష ఈజ్ ఫ్రమ్ మీ టాల్,” అన్నాడు అమ్మన్న.

క్లాసంతా గొల్లుమంది.

హిందీలో ‘నాకంటే పొడుగు’ అనే ‘ముఝ్‌సే లంబీ’కి మాటకు మాటగా ఇంగ్లీషు చొక్కా తొడిగాడు పెద్దాయన. బిలాస్‌పూర్ తెలుగువాళ్ళం అందరం ఎప్పుడో ఒకప్పుడు చేసిన తప్పే అది.

“టాలర్ దేన్ మీ అనాలి, తాతగారూ,” అంది ప్రత్యూష మెల్లగా.

“అచ్ఛా. మోర్ టాలర్?”

“మోర్ అక్కర్లేదు. ఉత్త టాలర్.”

ప్రత్యూషకు అన్నీ వచ్చు. నలుగురి ముందు మాత్రం నోరు పెగలదు. ఇంతకుముందు వెళ్ళిన ఇంటర్వ్యూల్లో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని వచ్చింది. సోమవారం రాయపూర్‌లో మళ్ళీ బ్యాంకు ఇంటర్వ్యూ. వయసు దాటిపోతోంది, ఇక ఇదే ఆఖరు.

రైల్వే కాలనీలో సాయంత్రాలు ఇంగ్లీషు నేర్పే తనూజకు ఆ దిగులే. క్లాసు అయ్యాక అమ్మన్నను ఆపింది.

“ఏమీ అనుకోకండి, పెద్దాయనా. రోజూ మీ తప్పులు వింటే ఆ అమ్మాయికీ అవే అంటుకుంటాయి. రేపట్నుంచి రాకండి.”

“నాది ఉత్త కాలక్షేపం, అమ్మా. ఆ పిల్లకి అడ్డం ఎందుకవుతాను?”

గుమ్మం దగ్గర ఆగాడు.

“షీ ఈజ్ బ్రైటర్ దేన్ షీ థింక్స్, మేడమ్.”

బోర్డు తుడుస్తున్న తనూజ వెనక్కి తిరగకుండానే తలూపింది. ఆ మాటలో ఒక్క తప్పూ లేదని ఆమెకు తట్టలేదు.

మర్నాటి నుంచి క్లాసులో తప్పులు వినపడలేదు. ప్రత్యూష గొంతు కూడా వినపడలేదు.

“టాల్‌కి సూపర్లేటివ్ ఏంటి, ప్రత్యూషా?”

చున్నీ అంచు నలుపుతూ తల దించుకుంది.

సోమవారం రాయపూర్ నుంచి తిన్నగా తనూజ క్వార్టర్‌కే వచ్చింది.

“అన్నీ తెలిసినవే అడిగారు, మేడమ్. నోరు రాలేదు,” అని ఏడ్చేసింది. “తాతగారుంటే నవ్వులన్నీ ఆయనకే పోయేవి. నాకు బెదురుండేది కాదు. ఆయనెందుకు మానేశారు?”

ఆయన ఎవరో, ఎక్కడుంటారో కూడా తనూజ ఎప్పుడూ అడగలేదు.

క్లాసులో తీసిన ఫోటో ఫోన్లో తెరిచి తండ్రికి చూపించింది. పోలయ్య ఈ కాలనీలోనే పుట్టి, లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైనవాడు.

“నాన్నా, ఈయన తెలుసా?”

పోలయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. ముఖం విప్పారింది.

“మా ఇంగిలీసు మేస్టారు గదేటి. నీ క్లాసులో ఏటి చేస్తన్నారు?”

తనూజ ఫోటోను పెద్దది చేసి మళ్ళీ చూసింది.

“స్కూల్లో మేం సిగ్గుపడి నోరిప్పకపోతే, ముందు ఆయనే తప్పు చెప్పీవోరమ్మా. ఆయన్ని దిద్దీ దిద్దీ మాకు ఇంగిలీసు వచ్చీసింది.”