ముందే చెప్పిన జవాబు

"ఎడమవైపు ప్లీహం, నాలుగు వేళ్ల వాపు. అదే రాసెయ్యి తల్లీ, కళ్లు మూసుకుని పాసవుతావు," అంటూ తాత మంచం మీంచే గుసగుసలాడాడు.

ఆరేళ్లుగా వైద్య విద్యార్థుల పరీక్షలకు ఆయన పొట్టే ప్రశ్నపత్రం. పిల్లలు గజగజ వణుకుతుంటే చూడలేక జవాబు ముందే చెప్పేస్తాడు.

ఈ అమ్మాయి మాత్రం కుడివైపూ నొక్కింది. పక్కటెముకల కింద ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"అటేం లేదమ్మా. టైమైపోతోంది."

"ఇక్కడేదో గట్టిగా తగులుతోంది తాతా. తిండి సహిస్తోందా?"

"రెండు నెలలుగా లేదు. వయసు కదా అనుకున్నా."

"మొన్నటి పరీక్షల్లో ఇటు ఎవరూ చూడలేదా?"

"నేను చెప్పేశాక ఇంకెందుకు చూస్తారు?" అని నవ్వబోయిన తాత చెయ్యి తన కుడి పక్కటెముకల కిందికి పోయింది. ఆరేళ్లలో వందల చేతులు. ఒక్కటీ అటు రాకుండా చేజేతులా తనే ఆపాడు.

అమ్మాయి జవాబు కాగితం అక్కడే పడేసి పెద్ద డాక్టరు కోసం పరుగెత్తింది.

ఆలోపే తర్వాతి కుర్రాడు వచ్చి మంచం మీదికి వంగాడు. "తాతా, మా సీనియర్లకు మీరే దేవుడట! ఏం రాయమంటారు?"

తాత చొక్కా ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"ఇవాళ చెప్పను బాబూ. రెండు వైపులా చూడు. ఏం దొరికిందో నువ్వే నాకు చెప్పు."