ఆకలి తెలియని దీక్ష

"దీక్షలో ఉన్నన్నాళ్లూ నాకు ఆకలన్నదే తెలియలేదు," అని గొంతు పెంచి చదివి, శ్రీరామ్మూర్తి కళ్లజోడు మీంచి భార్య వైపు చూశాడు.

పోర్టు కార్మిక నాయకుడిగా పనిచేసి రిటైరయ్యాక రాసుకున్న ఆత్మకథ అది. సాయంత్రం ప్రెస్సుకి వెళ్లాలి. సమ్మెనాటి నిరాహారదీక్ష ఘట్టం చదివి మల్కాపురమంతా కళ్లొత్తుకోవాలని అతని ఆశ.

చేపలు కడుగుతున్న కాశమ్మ తలెత్తలేదు. "నిజమే. ఎలాగ తెలుస్తాది? రోజూ సీకటడ్డాక టెంటు ఎనకమాల నుంచి అన్నం కేరేజీ నానే కదా అందించినాను."

"అవన్నీ పుస్తకంలో రాస్తారేటే? పరువు పోద్ది."

"నాను రాయమన్లేదు."

పేజీ తిప్పబోయి ఆగాడు. "అవునే, సమ్మెలో జీతాల్లేవు కదా. ఆ అన్నం ఎక్కడిది?"

"ఇంట్లో వండినదాంట్లో నా వాటాది."

ఎన్నో చర్చలకి కూర్చున్న నాయకుడికి తరవాతి ప్రశ్న ఇన్నేళ్లకి తట్టింది.

"మరి నువ్వేటి తిన్నావ్?"

"నానూ దీక్షే సేసినాను. టెంటు ఒక్కటే లేదు."

శ్రీరామ్మూర్తి పెన్ను మూత తీశాడు. "అయితే ఆకలి తెలియలేదన్న ఆ ముక్క కొట్టేయనా?"

"ఉండనీ. పుస్తకం మొత్తానికి నిజం అదొక్కటే."