ఫైనల్ ఎలా పోయిందంటే

“ఇంకొక్క బూరె తల్లీ. ఇంతదూరం వచ్చి మా ఇంట్లో మొహమాటపడితే ఎలా?” అంటూ సోమేశ్వరరావు గారు ఆ పిల్ల విస్తట్లో రెండు వేశారు.

వెనకాలే ఆయన భార్య వీరాయమ్మ వచ్చి, బూరెలకు చిల్లు పెట్టి నెయ్యి పోసింది.

విస్తళ్ళ ముందు కూర్చున్నది రాయవరం ఆడపిల్లల హాకీ జట్టు. మధ్యాహ్నం కొత్తపేట జట్టుతో ఫైనల్. హోటల్లో తేలిగ్గా ఏదో తింటామంటే సోమేశ్వరరావు గారు ఒప్పుకోలేదు. మన ఊరొచ్చిన పిల్లలు హోటల్లో తినడమేమిటని, బస్సుకి ఎదురెళ్ళి మరీ తీసుకొచ్చారు.

ఆయన మనవరాలు భవాని కొత్తపేట జట్టుకి గోల్‌కీపర్. వంటింటి గుమ్మంలో నిలబడి బూరెల పళ్ళెం వంక ఆశగా చూసింది.

“ముందు చుట్టాలు. నీకు తర్వాత,” అని తాతగారు కసిరారు. ఆ పిల్ల కొబ్బరినీళ్ళు తాగి, మూతి ముడుచుకుని గ్రౌండుకి వెళ్ళిపోయింది.

“ఎంత మంచివారండీ!” అంది రాయవరం కోచ్ కుమారి. “మా నాన్నగారు మిమ్మల్ని తెగ తలుచుకునేవారండి. ఆ రోజుల్లో కొత్తపేట జట్టంటే జట్టే అనేవారు.”

“అనేవారా? నేనూ ఆయన్ని మర్చిపోలేదమ్మా. పనసపొట్టు కూర వేసుకో.”

“మీ జట్టు గురించి చెప్పండి తాతగారూ,” అన్నారు పిల్లలు.

ఆయన మొహం వెలిగింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

“కొబ్బరి మట్టలతో నేర్చుకున్నామమ్మా ఆట. మా బంగారయ్య గోల్‌లో నిలబడితే బంతి కాదు కదా, దోమ దూరేది కాదు. పెదబాబు బంతి తీసుకుని బయల్దేరితే అవతలివాళ్ళు అడ్డుకోవడం మానేసి చూస్తా ఉండిపోయేవారు. ఆ ఒక్క ఫైనల్ గెలిస్తే మాలో నలుగురిని రాష్ట్రం జట్టులోకి తీసుకుంటామన్నారు.”

“గెలిచేరాండీ?”

“పులిహోర పెట్టుకో. లేదమ్మా. మీ రాయవరంలోనే, మీ మేడంగారి నాన్నగారి జట్టు చేతిలో చిత్తుగా ఓడిపోయేం. బంగారయ్య కువైట్ వెళ్ళిపోయేడు. పెదబాబు మళ్ళీ స్టిక్ ముట్టుకోలేదు. ఆ రోజు బస్సు దిగి విడిపోయినవాళ్ళం, ఇక అందరం ఒక్క పంక్తిలో కూర్చుని అన్నం తిన్నది లేదు.”

వీరాయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఒక పిల్లకి ఏడుపొచ్చి, ఏం చెయ్యాలో తెలియక ఇంకో గారె నోట్లో పెట్టుకుంది.

“అంత గొప్ప జట్టు ఎలా ఓడిపోయిందండీ?”

“చెబుతాను. ముందు గడ్డపెరుగు రానీ.”

పెరుగొచ్చింది. వెనకాలే చక్కెరకేళీలొచ్చాయి. ఫైనల్ కథ మాత్రం రాలేదు.

“చాలండి బాబాయిగారూ, మ్యాచ్ ఉందండి!” కుమారి రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టింది.

“ఆయ్, అందుకేనమ్మా. ఆటకి బలం వద్దూ?” అంటూ వేళ్ళ సందుల్లోంచి మరో బూరె జారవిడిచారు ఆయన.

పిల్లలు గోడలు పట్టుకుని లేచారు. సెంటర్ ఫార్వర్డుని ఇద్దరు వెనకనుంచి తోస్తే గానీ బస్సు మెట్లు ఎక్కలేకపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా సోమేశ్వరరావు గారు చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

“పాపం, ఇంత మర్యాద ఎక్కడా చూళ్ళేదన్నారండీ పిల్లలు,” అంది వీరాయమ్మ.

ఆయన ఖాళీ పళ్ళెం వంక తృప్తిగా చూసుకుని, మీసం దువ్వుకున్నారు.

“నేను చూసేనే, ఆ ఫైనల్‌కి ముందు కుమారి వాళ్ళ నాన్న మా పదకొండు మందినీ కూర్చోబెట్టి, కొసరి కొసరి బూరెలు వడ్డించినప్పుడు!”