జవాను పెళ్ళాం

"ఆ టోపీ తీసి లోపలికి రా. లేదంటే టోపీతో పాటు బయటే ఉండు," అంది ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి.

జైలు జవాను టోపీ తీశాడు. దాని మీద చక్రవర్తి ముద్ర ఇంకా మెరుస్తూనే ఉంది. ఊళ్ళో ఇక చక్రవర్తి పాలనే లేదు. ఆ పొద్దున జనం కోట తలుపులు బద్దలు కొట్టారు. పరదేశీ సైన్యం ఓడలెక్కి పారిపోయింది. వీధి నిండా కేకలు, జెండాలు. మొన్నటిదాకా దొర బండి కనబడితే చాలు వంగి సలాములు కొట్టిన నడుములన్నీ ఒక్క పూటలో నిటారుగా అయిపోయాయి.

"మీ దొరలు ఓడలో చోటివ్వలేదా?"

"నువ్విక్కడున్నావు కదా," అన్నాడతను.

ఆమె పెదవి విరిచింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ భర్తని 'మీరు' అనే పిలిచేది. పంతులుగారిని ఉరి తీసిన రోజున 'నువ్వు'లోకి దిగింది. ఆ మాత్రం పిలుపు కూడా ఎక్కువే అనిపించేది ఒక్కోసారి.

ఆమె అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేది. తిరుగుబాటు కరపత్రాలన్నీ ఆమె చేతుల మీదుగానే బయటికెళ్ళాయి. వాటిని రాసిన పంతులుగారు అచ్చాఫీసు వెనక కాగితాల గదిలో దాక్కున్నారు. ఆయనకి క్యారేజీ ఈ ఇంట్లోంచే వెళ్ళేది కనక ఆ సంగతి ఈ ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. ఒకరోజు సైనికులొచ్చారు. అటూ ఇటూ వెతకలేదు. నేరుగా వెళ్ళి ఆ గది తలుపే తన్నారు. పంతులుగారికి ఉరి పడింది. తిరుగుబాటు కేసులో ఉరికంబం ఎక్కాల్సిన ఆమె తమ్ముడు మాత్రం ఆ వారంలోనే జైల్లోంచి ఇంటికి నడిచొచ్చాడు. రెండూ కలిపి చూడటానికి వీధికి ఎంతోసేపు పట్టలేదు. అప్పట్నుంచీ ఆమె ఎదురైతే అమ్మలక్కలు "జవాను పెళ్ళాం" అని ఉమ్మేవాళ్ళు. ఆమెకి వాళ్ళ మీద కోపం రాలేదు. మొగుడి మీదే వచ్చింది.

"అల్లుణ్ణి వాకిట్లో నిలబెట్టి ఏం మాటలే అవి? రా బాబూ," అంటూ తల్లి మంచినీళ్ళు తెచ్చింది. తొందరలో సగం నీళ్ళు కిందే ఒలికాయి.

"వాడికి నీళ్ళు కూడా దండగేనమ్మా."

జవాను సంబంధమని ఒకప్పుడు మూతి ముడిచింది ఈ తల్లే. ఇప్పుడు ముందు అతనికి వడ్డించి గానీ ఎవరికీ వడ్డించదు. కొడుకు ప్రాణాలతో వచ్చేసరికి అల్లుడు దేవుడైపోయాడు కాబోలు అనుకుంది కూతురు. ఆ దేవుణ్ణీ, ఆ భక్తురాల్నీ చూస్తే ఒకేలా ఒళ్ళు మండేది ఆమెకి.

వాకిట్లో అడుగుల చప్పుడైంది. కమ్మరి తుపాకీ పట్టుకుని వచ్చాడు. నిన్నటిదాకా జైలు ఊచలు బిగించినవాడు ఇవాళ వీధి కమిటీకి పెద్ద. వెనకాలే ఆమె తమ్ముడు.

"పంతులుగారి జాడ చెప్పినవాడి కోసం వచ్చాం," అన్నాడు కమ్మరి.

"నిన్ను బావా అని పిలవడానికి సిగ్గేస్తోంది," అన్నాడు తమ్ముడు. "నీ దయతో బతికానంటే తిన్నది ఒంటబట్టడం లేదు."

తల్లి ముందుకొచ్చింది. "అయ్యా, కాస్త నా మాట..."

"అత్తయ్యా! మీరు లోపలికెళ్ళండి," అని గద్దించాడు అల్లుడు. అతను ఆవిడ మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

"జాడ చెప్పింది నువ్వేనా?" అడిగాడు కమ్మరి.

జవాను భార్య వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"నేనే."

"విన్నారుగా?" అందామె. "ఇంకా చూస్తారేం? తీసుకెళ్ళండి. వీడెవరో నాకు తెలీదు."

చేతులు వెనక్కి కట్టి వీధిలోకి నడిపించారు. జైల్లో ఉన్న కొడుక్కి దొంగచాటుగా రొట్టెలు అందించమని అతని కాళ్ళు పట్టుకుని పని జరిపించుకున్న కూరలమ్మే అందరికంటే ముందు చెప్పు విసిరింది. మలుపు దగ్గర అతను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది.

కాసేపటికి జైలు మైదానం వైపు నుంచి తుపాకీ పేలింది. జనం జేజేలు పలికారు.

"పీడ విరగడైంది," అంటూ ఆమె తలుపు మూసింది.

తల్లి నేల మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది.

"ఆ ద్రోహి కోసమా ఏడుపు? పంతులుగారు పోయినప్పుడు నీకు కన్నీటి చుక్క రాలేదేం?"

తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ తనే లాగేసింది.

"జైలుకెళ్ళి చెప్పొచ్చింది నేనే."