చాయ్ కంటే ముందు పులి

బీరయ్య ఇంటికి పెళ్లిచూపులకు ఎవరొచ్చినా, చాయ్ కంటే ముందు పులిని చూడాల్సిందే.

పులి అంటే గోడ మీది బొమ్మ. బీరయ్య అల్లపల్లి అడవిలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. టేకుచెట్లకు నంబర్లు వేసిన చేత్తోనే తర్వాత కుంచె పట్టాడు. ముందుగదిలో ఎటు చూసినా ఆయన బొమ్మలే. అన్నిటికంటే పెద్దది పులి. "దీనికి నాకు నడుమ బారెడు దూరం. కండ్లల్ల కండ్లు వెట్టి చూసిన," అని వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. ఆ వెంటనే "ఎట్లున్నది?" అంటాడు. మొన్నొక పెళ్లికొడుకు ఏదో జవాబిచ్చాడు. పాపం, అతనికి చాయ్ కూడా దక్కలేదు.

ఇప్పుడు సోము వంతు. సోము సిరోంచలో కరెంటు లైన్‌మన్. బీరయ్య కూతురు అంజలి ఫొటో చూసిన దగ్గర్నుంచి మనిషి మనిషిలో లేడు. ఈ సంబంధం తప్పితే ఇక పెళ్లే వద్దని ఇంట్లో చెప్పేశాడు కూడా. బొమ్మల సంగతిలో మాత్రం ఓనమాలు కూడా రావు. అంజలి చంద్రపూర్‌లో చిత్రకళ చదివిన పిల్ల. సిగ్గు విడిచి ఆమెకే ఫోన్ చేశాడు.

"మా బాపు ముందట పొగుడుడు వెట్టుకోకుండ్రి. తప్పులు వట్టాలె. నేను నేర్పిస్త," అంది అంజలి.

నేర్పింది. రోజూ ఒక బొమ్మ పంపేది.

"ఏం కనవడ్తున్నది?"

"మస్తున్నది."

"మస్తు సంగతి తర్వాత. బొమ్మల ఏమున్నది?"

"చెట్టు. కొమ్మ లైను మీద వడేటట్టున్నది. కొట్టెయ్యాలె."

అంజలి పకపకా నవ్వింది. అయినా వదల్లేదు. ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తర్వాత రంగులు, వెలుగు ఎటునుంచి పడుతోంది, కన్ను ముందు ఎక్కడికి పోతోంది. ఆఖర్న లోపం. అది చెప్పేటప్పుడు నీళ్లు నమలకూడదు. గొంతు అసలే తగ్గించకూడదు. సోము కరెంటు స్తంభమెక్కి కూడా మబ్బుల రంగులు పైకే వర్ణించుకునేవాడు. కిందున్నవాళ్లు వీడికి షాక్ కొట్టిందేమోనని హడలిపోయేవారు.

ఆ రోజు రానే వచ్చింది. సోము అమ్మానాన్నలు కుర్చీల్లో సర్దుకోకముందే బీరయ్య అతన్ని పులి ముందు నిలబెట్టాడు.

"చెప్పు బిడ్డా, ఎట్లున్నది?"

సోము పాఠం తప్పలేదు.

"టేకుచెట్లున్నయి మామా. ఆకు మీద ఈనె గూడ కనవడ్తున్నది. వెలుగు ఎడమ దిక్కుకెల్లి వస్తున్నది. కన్ను ముందుగాల పులి మీదికే పోతున్నది."

బీరయ్య మీసం మెలేశాడు.

"కాని పులే కుదరలే."

"అవ్వో!" అని సోము తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాయ్ పళ్లెంతో వస్తున్న బీరయ్య భార్య మల్లక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎందుకు కుదరలే?" బీరయ్య గొంతు మారింది.

ఈ ప్రశ్న వస్తుందని అంజలి చెప్పలేదు. సోము మళ్లీ బొమ్మ వైపు తిరిగాడు. ఈసారి నిజంగానే చూశాడు. చూసింది చూసినట్టు చెప్పేశాడు.

"చెట్లను ఒక్కొక్క ఆకు చూసి ఏసిన్రు. పులికేమో చారలు గూడ సక్కగ లెవ్వు. మీరు పులిని చూడలే మామా. ఆ రోజు కండ్లు మూసుకున్నట్టున్నరు."

సోము తండ్రి కళ్లతోనే చెప్పులు వెతుక్కున్నాడు.

బీరయ్య దగ్గరికొచ్చాడు. సోము భుజం మీద ఫట్‌మని ఒక్కటి చరిచాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఓరి నీ! ఇన్నేండ్ల సంది ఒక్కడు వట్టలే! చెట్టెక్కి కండ్లు మూసుకొని గడగడ వణికిన. పులి ఎప్పుడు వోయిందో గూడ ఎరుక లేదు. ఏమే, చాయ్ తర్వాత, ముందు మిఠాయి తే! పిలగాడు ఖాయం!"

మల్లక్క ముఖం వెలిగిపోయింది. సోముకు కాళ్లు నేల మీద ఆనలేదు. రెండు కుటుంబాలవాళ్లూ ముహూర్తాల గురించి ఒకేసారి మాట్లాడసాగారు.

లోపల వంటింట్లో అంజలి తలుపు దగ్గరికేసి, ఫోన్లో ఏడుపు గొంతుతో గుసగుసలాడింది: "సంజీవ్, పులికి తప్పు వట్టితే బాపు ఎల్లగొడ్తడని ఇంత కష్టవడి నేర్పిస్తే గీయన పాసైండు, ఇగ నువ్వు జల్ది మీ అవ్వనాయినను తోల్కరా!"