ఇంట్లో అడగాల్సిన ప్రశ్న

'మా ఊరి ఆసుపత్రికి అంబులెన్సు ఎప్పుడిస్తారు?' అని శాసనసభలో ఒక సభ్యురాలు వేసిన ప్రశ్నకు గడువు దాటినా జవాబు రాలేదు. సభాపతి ఆరోగ్య మంత్రిని నిలబెట్టి కారణం అడిగారు.

"సమాచారం సేకరిస్తున్నామండీ," అన్నాడు మంత్రి, ఎప్పటిలాగే.

"కాలినడకన వస్తోందేమో పాపం!" అని వెనక నుంచి ఎవరో అనగానే సభంతా గొల్లుమంది.

విరామంలో మంత్రి, ప్రశ్న వేసిన సభ్యురాలి దగ్గరికి విసవిసా వచ్చాడు. ఆమె అతనికి స్వయానా వదిన.

"ఏంటి వదినా ఇది? నలుగురిలో నా పరువు తీయాలా? ఆ ముక్కేదో ఇంట్లో అడగొచ్చుగా!"

ఆమె గొంతు పెంచలేదు.

"ఇంట్లోంచే ఫోన్ చేసి అడిగాను బాబూ. 'చూద్దాంలే వదినా' అని పెట్టేశావు. అప్పటికి మీ అన్నయ్యకి ఇంకా ఊపిరి ఆడుతోంది."