పదమూడో గూడు

బావి మీదికి వంగిన ఈతచెట్టులో ఏటా పన్నెండు గూళ్లకే చోటు. పెద్ద గిజిగాళ్లు ఒక్కో గూటినీ పట్టి ఊపి చూసి మరీ ఎంచుతారు. ఈసారి చిన్న గిజిగాడి గూడు ఆ ఊపుకి ఒక ముడి జారి, పదమూడోదై మిగిలిపోయింది.

"వచ్చే వానలకి మళ్లీ అల్లు," అన్నాడు నాన్న.

"తుమ్మచెట్టులో కట్టుకుని హాయిగా ఉండరా," అంది అమ్మ.

ఏదీ తేల్చుకోలేక వాడు మేనత్త పక్కన వాలాడు. "పెద్దలు మళ్లీ వద్దంటే, అత్తా?"

"అంటే అన్నారు. నీ ఈకలేమన్నా రాలతాయా? మీ నాన్న గొప్ప కోసమైతే మానెయ్, తుమ్మచెట్టేం తక్కువ కాదు. నీకు కావాలంటే అల్లు."

అందిన గడ్డిపోచని ముక్కుతో అటూ ఇటూ తిప్పుతూ వాడు ఆలోచనలో పడ్డాడు.

"వెర్రినాయనా, ఇంకా ఆలోచనేనా? కాళ్ల దగ్గర చూసుకో," అని నవ్వింది అత్త.

కొమ్మకి పచ్చి గడ్డిపోచ బిగించి ఉంది. అప్పుడు జారిన ముడే, ఈసారి రెండు చుట్లు ఎక్కువ.